ముందు సీటు

మార్చి 4

కారులో ముందు సీటు ఇవాళ కూడా వెనక్కే జరిగి ఉంది.

నిన్న సాయంత్రం ఎక్కినప్పుడు నా కాళ్ళకి సరిపోయేలా ముందుకు లాక్కున్నాను. కింద ఉన్న కమ్మీ పట్టుకుని, టక్కుమనే దాకా. ఇవాళ మళ్ళీ కూర్చుంటే నా మోకాళ్ళ ముందు ఇంకో మనిషి చతికిలబడేంత ఖాళీ. పొద్దున ఎవరో పొడుగు కాళ్ళ మనిషి ఎక్కిందన్నమాట. ఎవరో ఏమిటి, నాకు తెలియదా.

మా ఆయన పనిచేసే బ్రెడ్డు ఫ్యాక్టరీలోనే, ప్యాకింగ్ సెక్షన్‌లో సూపర్‌వైజరు. ఆయన ఓవెన్ల దగ్గర. ఇద్దరిదీ తెల్లవారుజాము షిఫ్టు. దారిలోనే ఇల్లట. చలికాలం మొదలైనప్పటి నుంచి ఆయన కారులోనే వెళుతోంది, మధ్యాహ్నం ఆయన కారులోనే వచ్చి దిగుతోంది. ఇదంతా ఆయనే చెప్పారు, మొదటి రోజే, చొక్కా విప్పుకుంటూ. ఏమీ దాచలేదు. దాచి ఉంటే నాలుగు మాటలు అడిగి తేల్చుకునేదాన్ని. పేరు కూడా చెప్పారు. ఆ పేరు ఇందులో రాయను. నా వరకు ఆవిడ 'ముందుసీటు', అంతే.

ఇంటి ఓనరు ఇవాళ మళ్ళీ గుర్తు చేసి వెళ్ళారు. ఎండాకాలం గడిచేలోపు ఖాళీ చేయాలి. ఈసారి అద్దెకి కాదు, కొనేద్దామని ముగ్గురం ఒక మాట మీదకి వచ్చాం. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ ఇల్లు కొని చూడు అనలేదు కదా, అంటే అది సుఖమే అయ్యుంటుంది" అన్నారు అత్తగారు.

మార్చి 9

ఇవాళ ఒక ఫ్లాటు చూశాం. మూడో అంతస్తు. మెట్లు వెడల్పు. వంటింట్లో కిటికీ తీస్తే ఎదురు గోడ కాకుండా ఆకాశం కనిపిస్తుంది. అత్తగారు ప్రతి కుళాయీ తిప్పి చూసి, దేంట్లోనూ లోపం దొరక్క కాస్త నిరాశపడ్డారు. బ్రోకరు నోరు ఊరుకోలేదు. సార్ ఫ్యాక్టరీకి పావుగంట, మేడంగారి ల్యాబుకి ఒక్క బస్సు, అరగంట, ఇలాంటి ఇల్లు మళ్ళీ దొరకదు అన్నాడు. నిజమే చెప్పాడు.

నాకూ నచ్చింది. గదిలో మంచం ఏ గోడకి వేయాలో కూడా అనుకున్నాను. ఇప్పుడు మా కట్టుడు పళ్ళ ల్యాబుకి నడిచి వెళుతున్నాను, ఆ నడక పోతుందని కొంచెం బెంగ, అంతే. ఆయన బాల్కనీలోకి పిలిచారు. కింద వీధి, రెండు మూడు దుకాణాలు, ఒక బస్సు స్టాపు.

"అదిగో, ఆ పచ్చ గేటు కనిపిస్తోందా? మా ప్యాకింగ్ ఆవిడ ఇల్లు అదే" అన్నారు.

అంత మామూలుగా అన్నారు. అక్కడ మందుల షాపు ఉంది, ఇక్కడ ఆవిడ ఉంది అన్నట్టు. ఆ తరవాత బ్రోకరు ఏం చెప్పాడో నాకు వినపడలేదు. దిగేటప్పుడు బాత్రూములో చెమ్మ ఉందని అన్నాను.

మార్చి 10

చెమ్మ నిజంగానే ఉంది. గోరుతో గీకి చూశాను.

మార్చి 14

ఇవాళ ల్యాబులో జరిగింది చెబుతుంటే ఆయన నిద్రపోయారు. ఒక పెద్దాయనకి పై వరస మొత్తం చేసిచ్చాను. పళ్ళు మరీ తెల్లగా ఉన్నాయి, నా వయసుకి తగ్గట్టు కొంచెం పాతబడినవి ఇమ్మని వెనక్కి పంపాడట. నవ్వొచ్చే సంగతి కదా. చివరికి వచ్చేసరికి చూస్తే ఆయన తల పక్కకి వాలిపోయి ఉంది, చేతిలో కాఫీ కప్పు నిలువుగానే ఉంది.

అత్తగారు కప్పు తీసి బల్ల మీద పెట్టారు. "వీడు చిన్నప్పుడు కూడా ఇంతే. బడిలో నిలబెడితే నిలబడే నిద్రపోయేవాడు" అని మురిసిపోయారు. కొడుకు గుర్రు పెట్టినా ఆవిడకి సంగీతమే.

నిద్ర ఎవరికైనా వస్తుంది. తెల్లవారకుండా లేచే మనిషి. నాకు తెలుసు. కానీ నేను నోరు తెరిస్తేనే ఎందుకు వస్తుంది? టీవీ ముందు వస్తుంది, బ్యాంకులో వరసలో నిలబడితే వస్తుంది, నా మాటల మధ్యలో వస్తుంది. కారులో ముందుసీటు పక్కనుంటే రాదు. పావుగంట వెళుతూ, పావుగంట వస్తూ, రోజూ ఏం మాట్లాడుకుంటారు? మేం పెళ్ళయిన కొత్తలో కూడా పావుగంట ఏకధాటిగా మాట్లాడుకున్న గుర్తు లేదు.

మార్చి 19

చేయకూడని పని చేశాను. చేసినందుకు సిగ్గు లేదు, చూసినదానికి మాత్రం ఒళ్ళు మండుతోంది.

భోజనం వేళ తలనొప్పి అని చెప్పి ల్యాబు నుంచి బయటపడ్డాను. బస్సెక్కి ఫ్యాక్టరీ గేటు ఎదుట దిగాను. రోడ్డుకి ఇవతల జెరాక్సు షాపులో నిలబడి, అక్కర్లేని కరెంటు బిల్లుకి నకళ్ళు తీయించాను. వీధంతా కాల్చిన బ్రెడ్డు వాసన. ఆయన చొక్కాలో రోజూ ఉండే వాసనే, కానీ ఇక్కడ అందరిదీ.

కారు గేటు దాటి సిగ్నల్ దగ్గర ఆగింది. ముందుసీటు నాకు ఇటు వైపే. మనిషి పెద్ద అందగత్తె కాదు. ఈ ముక్క రెండుసార్లు రాయాలనిపిస్తోంది. అందగత్తె కాదు. కానీ మాట్లాడుతోంది. చేతులు తిప్పుతూ, ఆయన మొహంలోకి వంగి చూస్తూ. ఆయన ఏదో చెబుతున్నారు, చెప్పి నవ్వుతున్నారు. ఇంట్లో అలా పళ్ళన్నీ కనిపించేలా నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో. ఆయన కాసేపు ఆగారు. అప్పుడు ఆవిడ ఆయన భుజం మీద ఫట్‌మని కొట్టింది. చనువుగా, ఇంట్లో మనిషిని కొట్టినట్టు. ఆయన ఉలిక్కిపడి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టారు.

సిగ్నల్ పడింది. వెళ్ళిపోయారు. నకళ్ళు తీసుకోవడం మరిచిపోయి వచ్చాను.

రాత్రి అన్నం పెడుతూ ఇవాళ ఏమిటి విశేషాలు అని అడిగాను. ఏమున్నాయి, మామూలే అన్నాడు. ఇవాళ్టికి ఆయనకి 'రు' లేదు, 'డు'నే.

మార్చి 23

ఇవాళ నేనే వెతికిపెట్టిన ఇల్లు చూశాం. ఊరికి ఆ కొసన, ఫ్లైఓవరు దాటి, గోడౌన్లు దాటి, ఇక ఊరు అయిపోయింది అనుకున్నాక వస్తుంది. విడి ఇల్లు. ముందు కొంచెం ఖాళీ, వెనక ఒక జామచెట్టు. నేల మీద గచ్చు కొన్ని చోట్ల పెచ్చులూడింది. అయినా గాలి ఉంది. కిటికీ తీస్తే కాగితాలు ఎగిరేంత గాలి.

ఫ్యాక్టరీ దాకా ఎంత పడుతుందో చూద్దామని నేనే అన్నాను. అక్కడి నుంచి కారులో బయలుదేరితే ఆదివారం కదా, రోడ్లు బోసిగా ఉన్నాయి, ముప్పావుగంటలో గేటు ముందున్నాం. చూశారా, అనుకున్నంత దూరం కాదు అన్నాను. ఆదివారం అన్న సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ముఖ్యమైన విషయం ఏమిటంటే దారి మొత్తం వేరు. పచ్చ గేటు వీధి ఆ దారిలో ఎక్కడా తగలదు. మధ్యలో ఊరంతా అడ్డం ఉంది.

వచ్చేటప్పుడు అత్తగారు వెనక సీటులోంచి అన్నారు. "ఎవరైనా పనికి దగ్గరగా ఇల్లు చూసుకుంటారు. మీరిద్దరూ పనికి భయపడి పారిపోతున్నట్టుందమ్మా."

మార్చి 25

ఆయన దగ్గరి ఫ్లాటే అంటున్నారు. ఎప్పుడూ ఏదీ పట్టుబట్టని మనిషి. పెళ్ళిలో తన చెప్పులు పోతే వేరేవాళ్ళవి వేసుకుని వచ్చిన మనిషి.

"పొద్దున్నే అంత దూరం నడపాలంటే కష్టం. నాకు దగ్గరదే నయం" అన్నారు.

"దగ్గరంటే ఎవరికి దగ్గర?" అన్నాను.

ఆయన నా మొహం చూశారు. ఏదో చెప్పబోయారు. నోటి దాకా వచ్చింది, నేను కళ్ళారా చూశాను. మళ్ళీ మింగేశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకున్నాను. నేను ఇంకేమీ అనలేదు. గాలి గురించి చెప్పాను, జామచెట్టు గురించి చెప్పాను, మీ అమ్మగారికి మెట్లెక్కే బాధ ఉండదు అన్నాను. అన్నీ నిజాలే. ఒక్కటీ అబద్ధం చెప్పలేదు.

"నీకు అంత నచ్చితే సరే" అన్నారు చివరికి.

మార్చి 26

నాకు నచ్చింది. గాలి బాగుంటుంది.

ఏప్రిల్ 6

అడ్వాన్సు ఇచ్చేశాం. బ్రోకరు స్వీటు పెట్టాడు. ఆయన నవ్వారు గానీ అది పళ్ళన్నీ కనిపించే నవ్వు కాదు.

మే 3

ఇల్లు మారాం. సామాను మోసేవాళ్ళు నా పళ్ళ అచ్చుల పెట్టె పడేశారు. నేను ల్యాబులో చేరినప్పటి నుంచి దాచుకున్న అచ్చులు, సగం విరిగాయి. ఏడవలేదు. అత్తగారు జామచెట్టు కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు, ఆ ఇల్లు ఆవిడ పుట్టిన ఇల్లన్నట్టు.

మే 5

సీటు నేను జరిపిన చోటే ఉంది.

మే 6

సీటు నేను జరిపిన చోటే ఉంది.

మే 7

ఉంది.

మే 12

నాకిప్పుడు రెండు బస్సులు. మొదటిది కిక్కిరిసి వస్తుంది, రెండోది వస్తే వస్తుంది. ఇదివరకు ఇంటి నుంచి నడుచుకుంటూ వెళ్ళి, కాఫీ తాగి, చేతులు కడుక్కుని పనిలో కూర్చునేదాన్ని. ఇప్పుడు ఎవరి మోచెయ్యో పక్కలో గుచ్చుకుని దిగుతున్నాను. మైనం మీద కత్తి తిన్నగా దిగడం లేదు. పంటి అంచు ఒకటి ఇవాళ మూడుసార్లు చెక్కాను.

ఆయనకీ కష్టమే. నాలుగు కొట్టకముందే బయలుదేరుతున్నారు. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో రావడానికి గంటన్నర. వచ్చి తిని పడుకుంటే దీపాలు పెట్టేదాకా లేవరు. పలకరిస్తే ఊ అంటారు. విరహం కాబోలు.

అలవాటైపోతుంది. అందరూ వస్తున్నారు, పోతున్నారు.

మే 20

కారులో లవంగాలు దొరికాయి. గేరు పక్కన గుంటలో చిన్న పొట్లం. దానితోపాటు తడిపి పిండిన తువ్వాలు ఒకటి, నిమ్మచెక్కలు.

లవంగాలు ఎందుకు నములుతారు? నోరు వాసన రాకుండా. ఎవరి కోసం? ఇంట్లో నాకోసం ఏనాడైనా ఒక లవంగం నమిలారా? తువ్వాలు మొహం తుడుచుకోవడానికి. సింగారం. సీటు మాత్రం నేను జరిపిన చోటే ఉంది. అంటే ఫ్యాక్టరీలోనే నడుస్తోంది. ఊరికి అడ్డంగా ఇల్లు కొనగలిగాను గానీ ఫ్యాక్టరీకి అడ్డంగా ఏం కొంటాను?

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని నాకూ తెలుసు. కానీ లవంగాలు ఉన్నాయి కదా. అవి పచ్చగా లేవు, నల్లగానే ఉన్నాయి.

మే 27

కారు పక్క అద్దం విరిగి వేలాడుతోంది. ముందు సీటు వైపుది. తలుపు పొడుగునా గీత, వేలు పెడితే దిగేంత లోతు. బస్సు రాసుకుపోయింది అన్నారు. బస్సుకి రంగు ఉంటుంది, ఆ గీతలో సిమెంటు పొడి ఉంది. నేను రోజంతా రంగుల తేడా చూసే మనిషిని. నాకు చెబుతారా.

మనసు ఎక్కడో పెట్టుకుని నడిపితే ఇలాగే అవుతుంది అన్నాను.

"అవును" అన్నారు.

ఒప్పుకున్నారు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు. అన్నం సహించలేదు.

జూన్ 3

ముందుసీటు ఇవాళ ల్యాబుకి వచ్చింది.

నేను పోర్సలీను పొడి కలుపుతున్నాను. మీకోసం ఎవరో వచ్చారంటే, మా దగ్గరికి పేషెంట్లు ఎవరూ రారు కదా, ఎవరా అని చూస్తే గుమ్మంలో ఆవిడ. నిజంగానే పొడుగు. దగ్గర నుంచి చూస్తే నాకన్నా ఐదారేళ్ళు పెద్దదే. ముందు పన్నుకి క్యాపు ఉంది. ఎవరు చేశారో గానీ రంగు అస్సలు కుదరలేదు, పక్క పళ్ళు ఒక రంగు, అది సుద్దముక్క రంగు. ఆ ఒక్క క్షణం నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇక్కడ రాసుకోవచ్చు, ఎవరూ చదవరు.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. చెప్పాల్సింది నిలబడే చెప్పేసింది.

"అక్కా, మీరు ఏమీ అనుకోకండి. సార్ నడుపుతూ నిద్రపోతున్నారు. మీకు తెలుసు కదా, ఇప్పుడు పక్కన ఎవరు కూర్చుంటున్నారు?"

నాకు ఏం తెలుసు? నా మొహం చూసి ఆవిడకే అర్థమైనట్టుంది. ఇక మెల్లగా చెప్పింది. చలికాలం మొదట్లో వాన పడి ప్యాకింగ్ వాళ్ళ వ్యాను రాకపోతే ఒకరోజు ఆయన కారెక్కిందట. సగం దారిలో కారు తిన్నగా రోడ్డు మధ్య గోడ మీదకి వెళుతుంటే స్టీరింగ్ తనే తిప్పిందట. చూస్తే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. మర్నాటి నుంచి వ్యాను మానేసి ఆయన పక్కనే వెళ్ళడం మొదలుపెట్టింది. మీ ఆవిడకి చెప్పండి అంటే, తనే చెప్పింది ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోమని, అన్నారట.

"నేను వట్టి పిరికిదాన్నక్కా. రేపు పేపర్లో చూసి భయపడేకన్నా పక్కన కూర్చుని భయపడటం నయం అనుకున్నాను" అంది.

నిన్న ఆయన ఫ్యాక్టరీ గేటు ముందు, ఇంజను ఆగకుండానే, స్టీరింగ్ మీద వాలిపోయి కనిపించారట. వాచ్‌మన్ అద్దం బాదితే గానీ లేవలేదు. ఆ దెబ్బతో ఇక ఆగలేక వచ్చింది. ల్యాబు ఎక్కడో నీకెలా తెలుసు అని అడిగాను. అంతకన్నా మంచి ప్రశ్న నాకు తోచలేదు.

"మీ గురించి తెలియనిదేముందక్కా. ఆయన వింటుంటే నిద్రపోతారు, మాట్లాడుతుంటే పోరు. అందుకని నేను అడుగుతూ ఉండేదాన్ని. ఆగితే భుజం మీద ఒకటి వేసేదాన్ని. ఆయనకి చెప్పడానికి మీరు తప్ప ఇంకేం కబుర్లున్నాయి? మీరు మొదటిసారి చేసిన పన్ను అగ్గిపెట్టెలో పెట్టి ఆయనకి చూపించారట కదా. ఆ కథ నాకు నోటికొచ్చేసింది."

అగ్గిపెట్టె. పెళ్ళయిన ఏడాది సంగతి. ఆయన మూత తీసి, చూసి, ఊ బాగుంది అని మళ్ళీ మూసేశారు. అంతే అనుకున్నాను.

ఆవిడ వెళ్ళడానికి తిరిగి, మళ్ళీ ఆగింది. "అన్నట్టు, మా ఎదురుగా ఫ్లాటు చూసుకున్నారు కదా. పావుగంట దారి, నా పక్కనే. ఇంక నాకు బెంగ లేదనుకున్నాను. అంత దూరం ఎందుకు కొన్నారక్కా?"

"గాలి బాగుంటుంది" అన్నాను.

జూన్ 4

నిన్న ఆయన నిద్ర లేచేదాకా మంచం పక్కన కూర్చున్నాను. గుర్రు పెట్టి, మధ్యలో ఆగిపోయి, గుక్కపట్టిన పసివాడిలా ఒక్కసారి ఊపిరి లాగి, మళ్ళీ మొదలు. ఇన్నేళ్ళు ఆ చప్పుడుకి చెవిలో దూది పెట్టుకుని అటు తిరిగి పడుకున్నాను.

లేచాక లవంగాల పొట్లం ముందు పెట్టాను. చూశారు. కొరికితే మంటకి మెలకువ వస్తుంది అన్నారు. ఎందుకు చెప్పలేదు అని అడిగాను.

"చెబితే ఓవెన్ల దగ్గర నుంచి తీసేస్తారు. అది కాదు, చెబితే నువ్వు భయపడతావు. దగ్గరి ఫ్లాటే నయం అన్నరోజు చెబుదామనుకున్నాను. అప్పటికే నీకు ఈ ఇల్లు నచ్చేసింది."

అరవాలనుకున్నాను. నాకు నచ్చేసిందట.

జూన్ 9

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడటం లేదట, అందుకే రాత్రంతా పడుకున్నా పడుకోనట్టే. మొహానికి తొడుక్కునే యంత్రం ఇచ్చారు. అది పెట్టుకుని పడుకుంటే అత్తగారు గుమ్మంలోంచి చూసి, యుద్ధవిమానం నడిపేవాడిలా ఉన్నాడు నా కొడుకు అన్నారు. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందట. అప్పటి దాకా ఒంటరిగా నడపకూడదు అని డాక్టరు నా వైపు చూసి చెప్పారు. ఆయన ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు అడిగారు. ఇంకొకరికి ఓవెన్ల పని నేర్పాక ఇస్తారట.

ముందుసీటు మళ్ళీ వస్తానందట. ఈ కొసకి ఎలా వస్తుంది? మధ్యలో ఊరంతా అడ్డం ఉంది, నేనే పెట్టాను.

అక్కర్లేదు, నేనున్నాను అని చెప్పమన్నాను.

జూన్ 11

మొదటిరోజు. అత్తగారికి ఫ్లాస్కులో కాఫీ పోసిపెట్టి, చీకట్లోనే ఎక్కాను. ఫ్యాక్టరీ దగ్గర దిగి, మొదటి బస్సు పట్టుకుని ల్యాబుకి. ల్యాబు తాళంచెవి అక్కడి ఓనరుని అడిగి పుచ్చుకున్నాను. తొందరగా మొదలుపెట్టి తొందరగా దిగిపోతాను. ఆయన షిఫ్టు అయ్యాక కారు అక్కడే ఉంచి, ఊళ్ళోని ఆ కాస్త దూరానికీ ప్యాకింగ్ వాళ్ళ వ్యాను బతిమాలి ఎక్కి, మా ల్యాబు వెనక గదిలో సుద్ద అచ్చుల మధ్య పడుకుంటారు. నా పని అయ్యాక ఇద్దరం ఫ్యాక్టరీ దాకా బస్సు, అక్కడి నుంచి కారు. ఒక్క మనిషి ఓర్వలేనితనానికి ఇంత ప్రయాణం. అందరి దూరాలూ కలిపి ఇప్పుడు నా నెత్తినే ఉన్నాయి.

కారెక్కితే తీరా మాటలు లేవు. ఫ్లైఓవరు వచ్చేదాకా వెతుక్కున్నాను. ఆయన రెప్పలు బరువుగా పడటం చూసి నోటికి ఏదొస్తే అది అడిగేశాను.

"ఆవిడ అందంగా ఉంటుందా?"

ఆయన ఉలిక్కిపడ్డారు. కళ్ళు ఇంతింత అయ్యాయి. "ఎవరు?" అన్నారు. ఎవరో తెలియనట్టు అడగొద్దు అన్నాను. ఇక చూడండి, గోడౌన్ల దగ్గర నుంచి గేటు దాకా సంజాయిషీ. ఆవిడకి మోకాళ్ళ నొప్పులనీ, అందుకే సీటు వెనక్కి జరుపుకుంటుందనీ, పాటలు పాడుతుందనీ, అవి ఏమాత్రం బాగోవనీ. ఒక్క రెప్ప వాలలేదు.

నాలో ఉన్న ఈ జబ్బు లవంగాల కన్నా బాగా పనిచేస్తోంది.

జూన్ 12

"ఆవిడ బాగా వండుతుందా?" పని చేసింది.

జూన్ 13

"నన్ను కాకుండా ఆవిడనే చేసుకుని ఉంటే?" ఫ్యాక్టరీ దాటి వెళ్ళిపోయి, మళ్ళీ వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చింది.

జూన్ 18

ఆవిడ పన్నుకి కొత్త క్యాపు చేసిచ్చాను. నేనే పిలిచాను. పళ్ళ డాక్టరుగారిచేత అచ్చు తీయించి, కిటికీ వెలుతురులో ఆవిడ పెదవి పైకెత్తి, రంగుల నమూనా పళ్ళు ఒక్కొక్కటీ పక్కన పెట్టి చూశాను. మొదట ఒక అరఛాయ తేడాగా చేద్దామా అనిపించింది. చెయ్యి ఒప్పుకోలేదు. అచ్చం కలిసిపోయింది. పెట్టించుకుని నవ్వితే ఎంత బాగుందంటే, ఇప్పుడు అదొక బాధ.

జూన్ 20

ప్రశ్నలు అయిపోయాయి. ఇవాళ ఆవిడ గురించి అడగడానికి ఏమీ మిగలలేదు. వంట, పాటలు, మోకాళ్ళు, మొగుడు, పిల్లలు, అన్నీ అయ్యాయి. ఫ్లైఓవరు ఎక్కాం. యంత్రం పుణ్యాన ఆయన ఇదివరకంత తూలడం లేదు, అయినా నాకు భయమే.

ఇన్నాళ్ళూ నన్ను కాల్చింది ఏమిటో అప్పుడు తెలిసింది. ఆవిడ కాళ్ళూ కాదు, భుజం మీద దెబ్బా కాదు. నా మొగుడు నా గురించి చెప్పిన మాటలన్నీ ఆ సీటులో కూర్చుని ఆవిడ వింది. నేను వినలేదు. అగ్గిపెట్టె కథ ఆవిడకి నోటికొచ్చు, నాకు రాదు.

"నా గురించి ఆవిడకి ఏం చెప్పేవారు?" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నిద్రేమోనని భుజం మీద ఫట్‌మని ఒకటి వేశాను. నిద్ర కాదు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"అవన్నీ ఇప్పుడెందుకు? ఎక్కడని మొదలుపెట్టను?"

"అగ్గిపెట్టె దగ్గర మొదలుపెట్టండి. దారి చాలా ఉంది" అన్నాను.

గొంతు సవరించుకున్నారు. నేను కమ్మీ లాగి సీటు ఇంకొక్క మెట్టు ముందుకు జరుపుకున్నాను.